తక్కువ వెలుతురులో ఛాయాగ్రహణం

తక్కువ వెలుతురులో ఛాయాగ్రహణం అనగా ఫ్లాష్ వాడకుండా, ఆ స్థలంలో అప్పటికే ఉన్న వెలుతురుతోనే ఛాయాచిత్రాలు తీసే పద్ధతి. వీధిదీపాలు, పెళ్ళిమండపాల దీపాలు, మైదానాల ఫ్లడ్‌లైట్లు, గుడిలోని నూనెదీపాలు దీనికి ఆధారాలు. ఈ పద్ధతిలో పనికివచ్చే సామగ్రి ముఖ్యంగా మూడు భాగాలు: కెమెరా బాడీ, ప్రైమ్ లెన్సు, ఫోకసింగ్ తెర. లెన్సు వెలుతురును లోపలికి తెస్తుంది. బాడీలోని సెన్సారు లేదా ఫిల్ము ఆ వెలుతురును నమోదు చేస్తుంది. ఫోకసింగ్ తెర ఆ వెలుతురు ఎక్కడ స్పష్టంగా పడుతున్నదో ఛాయాగ్రాహకుని కంటికి చూపుతుంది. మొదటి రెండింటి గురించి అందరూ ఆలోచిస్తారు, మూడవదానిని సాధారణంగా మరచిపోతారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి బలహీనంగా ఉన్నా మిగిలిన రెండింటిపై పెట్టిన ఖర్చు చాలావరకు వృథా అవుతుంది.

ఈ వ్యాసంలో ఉదాహరణలకు హైదరాబాదు తూర్పు భాగంలోని ఉప్పల్, నాచారం ప్రాంతాలు తీసుకోబడినవి. రెండు మూడు కిలోమీటర్ల పరిధిలోనే తక్కువ వెలుతురులోని దాదాపు అన్ని రకాలూ ఇక్కడ కనిపిస్తాయి.

ఉప్పల్, నాచారం ప్రాంతాలలోని వెలుతురు

ఉప్పల్, నాచారం మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో ఉన్నాయి. ఉప్పల్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియంలో మొదటి అంతర్జాతీయ వన్డే పోటీ 2005 నవంబరు 16న భారత్, దక్షిణాఫ్రికా జట్ల మధ్య జరిగింది. 2017, 2019 సంవత్సరాల ఐపీఎల్ ఫైనల్ పోటీలు కూడా ఇక్కడే ఫ్లడ్‌లైట్ల కింద జరిగాయి. నాగోల్ నుండి అమీర్‌పేట వైపు మెట్రో రైలు 2017 నవంబరులో ప్రారంభమయినది. ఈ మార్గంలో నాగోల్ తరువాత ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ స్టేషన్లు వరుసగా వస్తాయి. ఉప్పల్ కూడలి వద్ద పాదచారుల కొరకు నిర్మించిన ఆకాశ వంతెన 2023లో అందుబాటులోకి వచ్చింది. రాత్రిపూట కూడలిని పైనుండి చిత్రించడానికి ఇది అనువైన చోటు.

నాచారం ప్రధానంగా పారిశ్రామికవాడ. నందమూరి తారక రామారావు కుటుంబానికి చెందిన రామకృష్ణా స్టూడియో కూడా ఈ ప్రాంతంలోనిదే. స్టూడియోలో వెలుతురును కావలసినంత సృష్టించుకుంటారు. స్టూడియో గోడ దాటి వీధిలోకి వస్తే ఉన్న వెలుతురుతోనే సరిపెట్టుకోవాలి. ఈ వ్యాసం ఆ రెండవ పరిస్థితికి సంబంధించినది. ఇక్కడి బస్తీలలో ఆషాఢమాసపు బోనాలు, భాద్రపదంలో వినాయకచవితి మండపాలు, ఆశ్వయుజంలో బతుకమ్మ, పెళ్ళిళ్ళ కాలంలో ఫంక్షన్ హాళ్ళలోని రాత్రి ముహూర్తాలు తక్కువ వెలుతురు ఛాయాగ్రహణానికి ప్రధాన సందర్భాలు.

వెలుతురును కొలవడం

సామగ్రి ఎంచుకొనే ముందు ఎంత వెలుతురులో పని చేయవలసి ఉంటుందో తెలుసుకోవాలి. దీనికి ఛాయాగ్రాహకులు ఎక్స్‌పోజర్ విలువ అనే కొలమానం వాడతారు. దీనిని క్లుప్తంగా ఈవీ అంటారు. ఐఎస్ఓ 100 వద్ద, ఎఫ్/1 అపెర్చరుతో, ఒక సెకను షట్టరు కాలంతో సరియైన చిత్రం వచ్చే వెలుతురును ఈవీ 0 అని నిర్ణయించారు. ఈవీ ఒకటి పెరిగితే వెలుతురు రెట్టింపయినదని అర్థం. ఎండవేళ ఆరుబయట ఈవీ సుమారు 15 ఉంటుంది.

వేర్వేరు చోట్ల ఉండే వెలుతురు, ఐఎస్ఓ 1600, ఎఫ్/2 వద్ద దానికి తగిన షట్టరు కాలం సుమారుగా ఈ విధంగా ఉంటాయి:

* టీవీ ప్రసారానికి తగిన మైదానపు ఫ్లడ్‌లైట్లు: ఈవీ 9, షట్టరు 1/2000 సెకను
* వీడియో దీపాలు పెట్టిన పెళ్ళిమండపం: ఈవీ 6, షట్టరు 1/250 సెకను
* ట్యూబ్‌లైటు ఉన్న ఇంటి గది: ఈవీ 5, షట్టరు 1/125 సెకను
* దీపాలున్న వీధి: ఈవీ 3, షట్టరు 1/30 సెకను
* నూనెదీపాలు మాత్రమే ఉన్న చోటు: ఈవీ 0, షట్టరు 1/4 సెకను

ఈ పట్టికను బట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. "రాత్రి" అనేది ఒకే రకమైన వెలుతురు కాదు. స్టేడియం లోపలి వెలుతురు దాని ప్రహరీ బయటి వీధి వెలుతురు కంటే 6 ఈవీలు, అనగా 64 రెట్లు ఎక్కువ. మైదానానికి సరిపోయిన సామగ్రి వీధికి సరిపోతుందని అనుకోరాదు.

షట్టరు కాలానికి రెండు హద్దులు ఉన్నాయి. మొదటిది చేతి వణుకు. లెన్సు నాభ్యంతరం ఎన్ని మిల్లీమీటర్లో, షట్టరు వేగం సెకనులో కనీసం అన్నవ వంతు ఉండాలని పాత నియమం. 50 మి.మీ. లెన్సుకు 1/50 సెకను, చిన్న సెన్సారు గల బాడీపై అయితే 1/80 సెకను ఉండాలి. రెండవది మనిషి కదలిక. నిలబడి మాట్లాడే మనిషికి 1/125, నడిచే మనిషికి 1/250, బంతి వేసే బౌలరుకు 1/1000 సెకను లేదా అంతకంటె తక్కువ కాలం కావాలి. లెన్సులో గాని బాడీలో గాని ఉండే వణుకు నిరోధక ఏర్పాటు మొదటి హద్దును మాత్రమే సడలిస్తుంది. ఎదుటి మనిషి కదలికను అది ఆపలేదు. మనుషులను చిత్రించేవారికి వెడల్పైన అపెర్చరు అవసరం కావడానికి కారణం ఇదే.

చరిత్ర

19వ శతాబ్దంలో ఛాయాచిత్రాలకు ఎక్కువగా పగటి వెలుతురే ఆధారం. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844-1905) సికింద్రాబాదులో స్టూడియో నడిపిన కాలంలో, పైకప్పు అద్దాలగుండా వచ్చే పగటి వెలుతురుపై స్టూడియోలు ఆధారపడేవి. ఆనాటి పెద్ద కెమెరాలలో వెనుకవైపు గరుకుటద్దం ఉండేది. ఛాయాగ్రాహకుడు తలపై నల్లగుడ్డ కప్పుకొని, ఆ అద్దంపై తలక్రిందులుగా పడిన ప్రతిబింబాన్ని చూసి ఫోకసు సరిచేసేవాడు. నేటి ఫోకసింగ్ తెరకు మూలం ఆ గరుకుటద్దమే.

1924లో జర్మనీలో వచ్చిన ఎర్మనాక్స్ కెమెరాకు ఎఫ్/2 లెన్సు ఉండేది. తరువాత అది ఎఫ్/1.8 లెన్సుతో కూడా వచ్చింది. దీనితో ఎరిక్ సాలొమన్ న్యాయస్థానాలలోను, దౌత్య సమావేశాలలోను ఫ్లాష్ లేకుండా చిత్రాలు తీసి ప్రసిద్ధుడయ్యాడు. 1966లో జైస్ సంస్థ ఎఫ్/0.7 అపెర్చరు గల 50 మి.మీ. ప్లానార్ లెన్సులను చాలా కొద్ది సంఖ్యలో తయారుచేసింది. ఇవి అమెరికా అంతరిక్ష సంస్థ నాసా అవసరాల కొరకు రూపొందినవి. దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ వాటిలో కొన్నింటిని సంపాదించి, 1975లో విడుదలయిన బారీ లిండన్ చిత్రంలో కొవ్వొత్తుల వెలుతురు సన్నివేశాలకు ఉపయోగించాడు.

అంకాత్మక కెమెరాలలో 2005లో వచ్చిన కెనాన్ 5డి పూర్తి ఫ్రేము సెన్సారును పెద్ద వృత్తి కెమెరాల పరిధినుండి బయటకు తెచ్చింది. 2007లో ప్రకటింపబడిన నికాన్ డి3, 2008లో వచ్చిన నికాన్ డి700 ఐఎస్ఓ 6400 వద్ద కూడా వాడదగిన చిత్రాలు ఇవ్వగలిగాయి. 2014లో వచ్చిన సోనీ ఏ7ఎస్ కేవలం 12 మెగాపిక్సెళ్ళతో, ప్రత్యేకించి తక్కువ వెలుతురు కొరకు తయారయినది.

కెమెరా బాడీ ఎంపిక

సెన్సారు పరిమాణం

వెలుతురు కాంతికణాల రూపంలో సెన్సారుపై పడుతుంది. ఈ కణాలు వర్షపు చినుకుల వలె సమానంగా కాక, అటూ ఇటుగా పడతాయి. ఒక చోట సగటున 10,000 కణాలు పడితే హెచ్చుతగ్గు సుమారు 100, అనగా నూటికి ఒకటి. 100 కణాలు మాత్రమే పడితే హెచ్చుతగ్గు 10, అనగా నూటికి పది. చీకటి చిత్రాలలో కనిపించే గరుకు చుక్కలకు ప్రధాన కారణం ఇదే. దీనిని నాయిస్ అంటారు. ఐఎస్ఓ పెంచినంత మాత్రాన కొత్త వెలుతురు రాదు. ఉన్న కొద్ది సంకేతం, దానిలోని హెచ్చుతగ్గుతో సహా, పెద్దదిగా కనిపిస్తుంది.

కనుక ఒకే అపెర్చరు, ఒకే షట్టరు కాలం వద్ద పెద్ద సెన్సారు మొత్తం మీద ఎక్కువ కణాలను పట్టుకుంటుంది. పూర్తి ఫ్రేము సెన్సారు 36 × 24 మి.మీ. ఉంటుంది. నికాన్ ఏపీఎస్-సి సెన్సారు కంటే దాని వైశాల్యం సుమారు 2.25 రెట్లు, కెనాన్ ఏపీఎస్-సి కంటే సుమారు 2.5 రెట్లు ఎక్కువ. అనగా ప్రయోజనం ఒక స్టాపు కంటే కొంచెం ఎక్కువ. దీనిని లెన్సుతో పోల్చి చూడాలి. ఎఫ్/5.6 వద్ద పనిచేసే జూమ్ లెన్సు తీసి ఎఫ్/1.8 ప్రైమ్ లెన్సు పెడితే వెలుతురు దాదాపు 10 రెట్లు పెరుగుతుంది, అనగా మూడు స్టాపులకు పైగా ప్రయోజనం. డబ్బు పరిమితంగా ఉన్న విద్యార్థి బాడీ మార్చడానికి ముందు లెన్సు మార్చాలని చెప్పడానికి ఈ లెక్కయే ఆధారం.

పరిశీలించవలసిన ఇతర అంశాలు

* స్వయంచాలిత ఫోకసు ఎంత చీకటిలో పనిచేస్తుంది. తయారీదారులు దీనిని ఈవీలలో తెలుపుతారు. 2012లో వచ్చిన కెనాన్ 6డి మధ్య బిందువు ఈవీ -3 వరకు పనిచేస్తుంది.
* బాడీలో ఫోకసు మోటారు ఉన్నదా. నికాన్ డి40, డి3000, డి5000 శ్రేణుల బాడీలలో మోటారు లేదు. పాత ఎ.ఎఫ్.-డి రకం లెన్సులు వాటిపై చేతితో మాత్రమే ఫోకసు అవుతాయి. ఈ విషయం తెలియక లెన్సు కొని ఇబ్బంది పడినవారు అనేకులు.
* ఫోకసింగ్ తెరను వినియోగదారుడే మార్చుకోవచ్చునా.
* రా పద్ధతిలో చిత్రాలు దాచుకొనే వీలున్నదా. దీపాల రంగును తరువాత సరిదిద్దడానికి ఇది చాలా అవసరం.

ప్రైమ్ లెన్సు ఎంపిక

ఒకే నాభ్యంతరం గల లెన్సును ప్రైమ్ లెన్సు అంటారు. జూమ్ సౌకర్యం లేనందున తక్కువ గాజుతో, తక్కువ బరువుతో, వెడల్పైన అపెర్చరు ఇవ్వడం దీనిలో సులభం. అపెర్చరు సంఖ్యలు 1, 1.4, 2, 2.8, 4, 5.6 అనే వరుసలో ఉంటాయి. వరుసలో ఒక్కొక్క మెట్టు దిగితే వెలుతురు సగమవుతుంది.

కెమెరాతో పాటు వచ్చే 18-55 మి.మీ. జూమ్ లెన్సు పొడవు చివర ఎఫ్/5.6 మాత్రమే ఇస్తుంది. ఈవీ 3 ఉన్న నాచారం వీధిలో ఐఎస్ఓ 1600 వద్ద దానికి 1/4 సెకను కావాలి. నడిచే మనిషి ఆ కాలంలో చెరిగిన మరకగా మిగులుతాడు. అదే చోట ఎఫ్/1.8 లెన్సుకు 1/40 సెకను, ఎఫ్/1.4 లెన్సుకు సుమారు 1/60 సెకను చాలు. ఐఎస్ఓ 6400కు పెంచితే ఎఫ్/1.8 వద్ద 1/160 సెకను లభిస్తుంది.

ఎఫ్/1.8, ఎఫ్/1.4 లెన్సుల మధ్య తేడా స్టాపులో మూడింట రెండు వంతులు మాత్రమే. ధరలో తేడా సాధారణంగా అంతకంటె చాలా ఎక్కువ. కనుక మొదటి లెన్సుగా ఎఫ్/1.8 తీసుకోవడం మంచిది. 1990లో వచ్చిన కెనాన్ 50 మి.మీ. ఎఫ్/1.8 రెండవ రూపం, దాని స్థానంలో 2015లో వచ్చిన ఎస్‌టీఎం రూపం, 2009లో వచ్చిన నికాన్ డీఎక్స్ 35 మి.మీ. ఎఫ్/1.8జి, 2011లో వచ్చిన నికాన్ 50 మి.మీ. ఎఫ్/1.8జి ఈ తరగతిలో ప్రసిద్ధమైనవి.

నాభ్యంతరం ఎంపిక

* 24 నుండి 35 మి.మీ.: ఇరుకైన గదులు, వీధులు, మెట్రో స్టేషన్లు. ఏపీఎస్-సి బాడీపై 35 మి.మీ. లెన్సు, పూర్తి ఫ్రేముపై 50 మి.మీ. లెన్సు చూసినంత దృశ్యాన్నే చూస్తుంది.
* 50 మి.మీ.: సాధారణ అవసరాలు. ఏపీఎస్-సి బాడీపై ముఖచిత్రాలకు బాగుంటుంది.
* 85 మి.మీ.: పెళ్ళిమండపంలో వధూవరుల ముఖాలు, వేదికపై నాట్యం.
* 300, 400 మి.మీ. ఎఫ్/2.8: మైదానంలో క్రీడలు. ఇవి కూడా ప్రైమ్ లెన్సులే అయినా, మిక్కిలి బరువైనవి, ఖరీదైనవి.

వెడల్పైన అపెర్చరు వల్ల నష్టాలు

అపెర్చరు పూర్తిగా తెరచినపుడు చిత్రం అంచులలోని దీపపు చుక్కలు పక్షిరెక్కల వలె సాగి కనిపించవచ్చు. దీనిని కోమా దోషం అంటారు. 1977లో నికాన్ విడుదల చేసిన 58 మి.మీ. ఎఫ్/1.2 నాక్ట్ లెన్సు ఈ దోషాన్ని తగ్గించే ఉద్దేశంతోనే తయారయినది. సామాన్య లెన్సులలో అపెర్చరును ఒకటి రెండు మెట్లు తగ్గిస్తే దోషం తగ్గుతుంది. ఉప్పల్ కూడలి దీపాలను పైనుండి స్టాండుపై చిత్రించేవారు ఎఫ్/5.6 లేదా ఎఫ్/8 వాడటం మేలు. అక్కడ కదలని కట్టడాలే ప్రధానం కనుక షట్టరు కాలం పెంచుకోవచ్చు.

రెండవ నష్టం స్పష్టతా లోతు తగ్గడం. పూర్తి ఫ్రేము బాడీపై 50 మి.మీ. లెన్సుతో 2 మీటర్ల దూరంలోని మనిషిని చిత్రిస్తే, ఎఫ్/5.6 వద్ద సుమారు 54 సెంటీమీటర్ల లోతు స్పష్టంగా ఉంటుంది. ఎఫ్/1.4 వద్ద అది సుమారు 13 సెంటీమీటర్లకు తగ్గుతుంది. 85 మి.మీ. ఎఫ్/1.8 లెన్సుతో అయితే దాదాపు 6 సెంటీమీటర్లే. ముక్కుకొనపై ఫోకసు పడితే చెవులు మసకబారుతాయి. వెలుతురు సమస్యను లెన్సు తీర్చినా, దాని స్థానంలో ఫోకసు సమస్యను తెచ్చిపెడుతుంది. ఫోకసింగ్ తెర ప్రాముఖ్యం ఇక్కడే తెలుస్తుంది.

ఫోకసింగ్ తెర ఎంపిక

ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలలో లెన్సు గుండా వచ్చిన వెలుతురు అద్దంపై పడి పైకి మళ్ళుతుంది. అక్కడ పలుచని తెరపై ప్రతిబింబం ఏర్పడుతుంది. దృశ్యరంధ్రంలో కంటికి కనిపించేది ఆ తెరపైని ప్రతిబింబమే. తెర నుండి లెన్సుకు గల దూరం, సెన్సారు నుండి లెన్సుకు గల దూరం ఖచ్చితంగా సమానంగా ఉండాలి. అప్పుడే కంటికి స్పష్టంగా కనిపించినది చిత్రంలోనూ స్పష్టంగా వస్తుంది. స్వయంచాలిత ఫోకసు మాత్రం ఈ తెరపై ఆధారపడదు. దానికి అద్దం కింద వేరే సెన్సారు ఉంటుంది.

తెరలలో రకాలు

* సాదా మాట్ తెర: గరుకుటద్దం వంటిది. తెరలో ఏ చోటనైనా ఫోకసు చూడవచ్చు.
* చీలిక ప్రతిబింబపు తెర: మధ్యలోని వృత్తంలో బొమ్మ రెండుగా విడిపోయి కనిపిస్తుంది. రెండు ముక్కలు కలిస్తే ఫోకసు కుదిరినట్లు. నిలువు గీతలున్న వస్తువులపై చాలా ఖచ్చితంగా పనిచేస్తుంది. ఎఫ్/5.6 వంటి చిన్న అపెర్చరు గల లెన్సులతో వృత్తంలో సగం నల్లబడుతుంది.
* సూక్ష్మ పట్టకాల తెర: ఫోకసు తప్పినపుడు మధ్యభాగం మిలమిలలాడుతుంది, కుదిరినపుడు నిశ్చలమవుతుంది.
* గళ్ళ తెర: కట్టడాలను నిటారుగా చిత్రించడానికి గీతలు ఉంటాయి.

1982లో వచ్చిన నికాన్ ఎఫ్ఎం2 కెమెరాకు ఇటువంటి మూడు రకాల తెరలు లభించేవి. కె2లో చీలిక ప్రతిబింబం, సూక్ష్మ పట్టకాలు రెండూ ఉంటాయి. బి2 మాట్ తెర, ఇ2 గళ్ళ తెర.

సాధారణ తెరతో వచ్చే చిక్కు

1985లో మినోల్టా 7000 తరువాత స్వయంచాలిత ఫోకసు వ్యాపించింది. చేతితో ఫోకసు చేసేవారు తగ్గారు. ఎఫ్/5.6 జూమ్ లెన్సులతో కూడా దృశ్యం కాంతివంతంగా కనిపించాలని తయారీదారులు తెరలను మార్చారు. ఈ తెరలు వెలుతురును ఎక్కువగా చెదరనీయక నేరుగా కంటికి పంపుతాయి. ఫలితంగా లెన్సు అంచుల నుండి ఏటవాలుగా వచ్చే కిరణాలు కంటికి చేరవు. ఎఫ్/1.4 లెన్సు తగిలించినా తెరపై కనిపించే స్పష్టతా లోతు సుమారు ఎఫ్/2.8 లెన్సుకు ఉన్నట్లే ఉంటుంది. కంటికి కన్ను, చెవి రెండూ స్పష్టంగా కనిపిస్తాయి, తీసిన చిత్రంలో ఒకటే స్పష్టంగా ఉంటుంది. ఛాయాగ్రాహకుడు లెన్సును నిందిస్తాడు, కాని ఈ సందర్భంలో అతనిని మోసగించినది తెర.

దీనిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఎఫ్/1.4 లేదా ఎఫ్/1.8 లెన్సు తగిలించి, అపెర్చరు సరిచూసే బొత్తాన్ని నొక్కి ఉంచి, అపెర్చరును ఎఫ్/2.8 వరకు మెల్లగా తగ్గించాలి. దృశ్యం కాంతిలో ఏ మార్పూ కనిపించకపోతే, ఎఫ్/2.8 కంటే వెడల్పైన వెలుతురును ఆ తెర చూపడం లేదని అర్థం.

దీనికి పరిష్కారంగా కొన్ని బాడీలకు ప్రత్యేక మాట్ తెరలు వచ్చాయి. కెనాన్ 5డికి ఈఈ-ఎస్, 5డి మార్క్ 2కు ఈజీ-ఎస్, 40డికి ఈఎఫ్-ఎస్ అనే తెరలు ఈ రకానివి. ఎఫ్/2.8 లేదా అంతకంటె వెడల్పైన లెన్సులతో ఇవి ఫోకసును స్పష్టంగా చూపుతాయి. కాని ఎఫ్/5.6 జూమ్ తగిలిస్తే దృశ్యం బాగా చీకటిగా కనిపిస్తుంది. ప్రైమ్ లెన్సులు మాత్రమే వాడేవారికి ఈ తెర వరం, జూమ్ కూడా తరచు వాడేవారికి ఇబ్బంది. తెర మార్చిన తరువాత కెమెరా అమరికలలో కొత్త తెర పేరు నమోదు చేయాలి. లేనిచో వెలుతురు కొలతలో తప్పు వస్తుంది, ఎందుకంటే కొలిచే పరికరం తెరపైని వెలుతురునే చూస్తుంది.

కెనాన్ 5డి మార్క్ 3 (2012) వంటి తరువాతి బాడీలలో వినియోగదారుడు తెర మార్చే ఏర్పాటు తీసివేయబడినది. పాత బాడీ కొనేవారు ఈ విషయం ముందుగా విచారించుకోవాలి.

తెర మార్చేటప్పుడు జాగ్రత్తలు

తెర మెత్తని ప్లాస్టిక్‌తో చేసినది కనుక వేలు తగిలితే మరక, గుడ్డతో తుడిస్తే గీత పడుతుంది. అంచున ఉన్న చిన్న కొక్కెమును చిమటాతో పట్టుకొని మాత్రమే తీయాలి. దుమ్మును గాలిబుడ్డితో ఊదాలి. తెరపైని దుమ్ము కంటికి కనిపించినా చిత్రంలో రాదు, కనుక దానికొరకు తెరను పదేపదే తీయకూడదు. తెర పైన ఉండే పలుచని లోహపు రేకు పోగొట్టుకుంటే ఫోకసు దూరం మారిపోతుంది. మార్చిన తరువాత వార్తాపత్రికను గోడకు అంటించి, స్టాండుపై నుండి తెర చూస్తూ చేతితో ఫోకసు చేసి, తీసిన చిత్రాన్ని పెద్దదిగా చేసి సరిచూసుకోవాలి.

అద్దంలేని కెమెరాలు

అద్దంలేని కెమెరాలలో ఫోకసింగ్ తెర ఉండదు. సెన్సారు చూసినదే చిన్న ఎలక్ట్రానిక్ తెరపై కనిపిస్తుంది. ఏ లెన్సు తగిలించినా దాని నిజమైన స్పష్టతా లోతు కనిపిస్తుంది. దృశ్యాన్ని పెద్దదిగా చేసి కంటిపాపపై ఫోకసు చూడవచ్చు, స్పష్టంగా ఉన్న అంచులను రంగుతో గుర్తించే సౌకర్యం కూడా ఉంటుంది. నికాన్, కెనాన్ సంస్థలు 2018లో పూర్తి ఫ్రేము సెన్సారుతో ఈ రకం కెమెరాలు ప్రవేశపెట్టాయి. మిక్కిలి చీకటిలో ఎలక్ట్రానిక్ తెరపై దృశ్యం గరుకుగా, కొంచెం ఆలస్యంగా కనిపించడం వీటిలోని లోపం. అద్దమున్న డీఎస్‌ఎల్‌ఆర్‌లలో కూడా వెనుక తెరపై ప్రత్యక్ష దృశ్యం చూసే సౌకర్యం ఉంటే, కదలని వస్తువులకు ఇదే లాభం పొందవచ్చు. పాత బాడీ ఉన్న విద్యార్థికి ఇది ఖర్చులేని మార్గం.

దీపాల మిణుకు, రంగు

భారతదేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవృతాలతో సరఫరా అవుతుంది. అందువల్ల ట్యూబ్‌లైట్లు, సోడియం దీపాలు, కొన్ని రకాల ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి ఇది తెలియదు. 1/100 సెకను కంటే తక్కువ షట్టరు కాలం వాడితే ఒక చిత్రం కాంతిగా, మరొకటి చీకటిగా రావచ్చు, లేదా చిత్రంపై చారలు పడవచ్చు. వీలైన చోట 1/100 లేదా 1/50 సెకను వాడితే ఈ దోషం తగ్గుతుంది. కెనాన్ 7డి మార్క్ 2 (2014) వంటి కొన్ని బాడీలు మిణుకును గుర్తించి, దీపం బాగా వెలిగిన క్షణంలోనే షట్టరు తెరుస్తాయి.

హైదరాబాదు వీధులలోని పసుపుపచ్చని సోడియం దీపాల స్థానంలో 2010ల చివరి సంవత్సరాలలో ఎల్‌ఈడీ దీపాలు పెద్దయెత్తున అమర్చబడినవి. సోడియం వెలుతురులో ఇతర రంగులు చాలా తక్కువ కనుక, చీర రంగు ఎంత సరిదిద్దినా పూర్తిగా తిరిగిరాదు. తెల్లని ఎల్‌ఈడీల కింద ఈ చిక్కు తక్కువ. నూనెదీపపు వెలుతురులోని ఎరుపు ఛాయను మాత్రం పూర్తిగా తొలగించకూడదు. అది ఆ సందర్భపు సహజ లక్షణం.

సందర్భాన్ని బట్టి ఎంపిక

పెళ్ళి

జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం ఒక్కసారే వస్తుంది. ఫోకసు తప్పినదని మళ్ళీ పెట్టమని అడగడం కుదరదు. కనుక రెండు బాడీలు, 35 మి.మీ., 85 మి.మీ. లెన్సులు ఉండటం మంచిది. అపెర్చరును ఎఫ్/2 లేదా ఎఫ్/2.8 వద్ద ఉంచి, వధూవరులిద్దరి ముఖాలూ కెమెరాకు సమానదూరంలో ఉండేచోట నిలబడాలి. లోతు తక్కువైనపుడు నిలబడే చోటు లెన్సంత ముఖ్యం.

బోనాలు, బతుకమ్మ

బోనంపై వెలిగే దీపం చాలా కాంతివంతం, దాని కింద మోసే మహిళ ముఖం మసకగా ఉంటుంది. కెమెరా దీపాన్ని చూసి చిత్రాన్ని చీకటిగా చేస్తుంది, కనుక ముఖంపై మాత్రమే వెలుతురు కొలవాలి. 35 లేదా 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు, ఐఎస్ఓ 3200 నుండి 6400, షట్టరు 1/125 సెకను అనువైనవి. ఊరేగింపులో చేతితో ఫోకసు చేసేవారు ఒక దూరం నిర్ణయించుకొని, మనిషి ఆ దూరానికి వచ్చినపుడు చిత్రం తీయాలి.

స్టేడియం

ఈవీ 9 వద్ద ఎఫ్/2.8, ఐఎస్ఓ 1600తో 1/1000 సెకను లభిస్తుంది. ఇక్కడ సమస్య వెలుతురు కాదు, దూరం. అనుమతి పొందిన పత్రికా ఛాయాగ్రాహకులు 400 మి.మీ. లెన్సులు వాడతారు. ప్రేక్షకులను పెద్ద కెమెరాలతో సాధారణంగా లోపలికి అనుమతించరు. వెళ్ళే ముందు టికెట్టుపై నిబంధనలు చదువుకోవాలి. మెట్రో స్టేషన్లలో స్టాండు పెట్టి చిత్రించడానికి కూడా ముందుగా అనుమతి అడగడం అవసరం.

పాత సామగ్రి కొనేటప్పుడు

హైదరాబాదులో కోఠీ ప్రాంతంలోని దుకాణాలలో పాత కెమెరాలు, లెన్సులు దొరుకుతాయి. కొనేటప్పుడు ఈ క్రింది పరీక్షలు చేయాలి.

* లెన్సును దీపానికి ఎదురుగా పట్టి చూడాలి. సాలెగూడు వంటి దారాలు కనిపిస్తే అది బూజు. వర్షాకాలపు తేమలో ఇది వేగంగా వ్యాపిస్తుంది.
* అపెర్చరు రేకులపై నూనె ఉన్నదేమో చూడాలి. నూనె ఉంటే రేకులు నెమ్మదిగా మూసుకుంటాయి.
* పూర్తి అపెర్చరు వద్ద ఒక చిత్రం తీసి, కెమెరా తెరపై పెద్దదిగా చేసి ఫోకసు సరిచూడాలి.
* లోగడ ఎవరైనా తెర మార్చి ఉంటే, దాని రకం, లోహపు రేకు ఉన్నదీ లేనిదీ అడిగి తెలుసుకోవాలి.

ఇంట్లో సామగ్రిని గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. తోలు సంచిలో ఎక్కువకాలం ఉంచకూడదు, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

కొనుగోలు క్రమం

డబ్బు పరిమితంగా ఉన్నవారికి అనువైన క్రమం ఇది. ముందుగా, ఉన్న కెమెరాతోనే తాము చిత్రించదలచిన చోటికి వెళ్ళి వెలుతురు కొలుచుకోవాలి. రెండవది, ఒక ఎఫ్/1.8 ప్రైమ్ లెన్సు కొనాలి. మూడవది, పూర్తి అపెర్చరు వద్ద తీసిన చిత్రాలలో ఫోకసు తప్పుతున్నదేమో పరిశీలించాలి. తప్పుతుంటే, చేతితో ఫోకసు చేసేవారు తగిన తెర మార్చుకోవాలి లేదా ప్రత్యక్ష దృశ్యం వాడాలి. స్వయంచాలిత ఫోకసు వాడేవారు మధ్య బిందువును ఎంచుకొని, అవసరమైతే లెన్సును బాడీతో సరిపోల్చి దిద్దించుకోవాలి. ఫోకసు కుదిరి, షట్టరు కాలం చాలి, ఇంకా నాయిస్ మాత్రమే మిగిలితే, అప్పుడే పెద్ద సెన్సారు గల బాడీ గురించి ఆలోచించాలి. నాయిస్ ఉన్నా స్పష్టంగా ఉన్న చిత్రాన్ని దాచుకోవచ్చు, అచ్చువేయవచ్చు. ఫోకసు తప్పిన చిత్రాన్ని ఎంత ఖరీదైన బాడీ అయినా తరువాత సరిచేయలేదు.